నల్లబోర్డు మీద నంబరు

కొత్తవాడలో గుండయ్య ఇల్లెక్కడ అని అడిగితే, "ఏ గుండయ్య? స్పీడు గుండయ్యనా?" అని ఎదురు అడుగుతారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. బుద్ధెరిగాక సైకిలు తప్ప ఇంకో బండి నడిపి ఎరగడు. ఆ సైకిలు కూడా పక్కన నడిచేవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ పోయేంత నిదానం. అలాంటి మనిషికి స్పీడు అనే పేరు ఎందుకు అంటుకుందంటే, వీధిలో స్పీడుగా పోయే ప్రతి బండితోనూ ఆయన తగువు పెట్టుకున్నాడు కాబట్టి. వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఆయన మాత్రం దాన్ని బిరుదులాగా మోశాడు. ఆ వీధి పిల్ల ఇందు స్కూటీ మీంచి కిందపడ్డ రోజు దాకా మోశాడు.

గుండయ్యది నేల మీద పరిచే చారల జంపఖానాలు నేసే ఇల్లు. పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు, మోకాళ్లు మొరాయించాక గాని పైకి తీయలేదు. మగ్గం ఆగినా చేతి పని మాత్రం పోలేదు. ఎవరి జంపఖానా చిరిగినా, ఎలుక కొరికినా ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన బాగుచేసి ఇచ్చాక ఎక్కడ చిరిగిందో తెచ్చినవాళ్లే వెతుక్కోవాలి. ఇంకా మగ్గాలు ఆడుతున్న నాలుగైదు ఇళ్ల నుంచి జంపఖానాలు తీసుకుని, ఒకప్పుడు తన నేతను చేర్చినట్టే సైకిలు మీద వరంగల్ చౌరస్తాలోని దుకాణానికి చేర్చడం ఆయన ఇప్పటి పని.

ఆ చేర్చడంలోనూ ఆయనకో పట్టింపు ఉంది. జంపఖానాను మడత పెట్టడు. మడత పెడితే గీత పడుతుంది, గీత పడితే నేత ముఖం చెడుతుంది అంటాడు. గుండ్రంగా చుట్టి, క్యారియర్ మీద అడ్డంగా పెట్టి తాడుతో బిగిస్తాడు. ఆ చుట్టలు ఇటు రెండడుగులు, అటు రెండడుగులు బయటికి పొడుచుకుని ఉంటాయి.

"నిలువుగ మడిచి కట్టుకోరాదు? తొవ్వంత నీదేనా?" అని భార్య అనసూర్య వందసార్లు అంది.

"నలభై ఏండ్ల సంది గిట్లనే కడుతున్న. ఎవలకన్న తాకిందా?" అని ఆయనా వందసార్లు అన్నాడు.

తొవ్వంతా నీదేనా అంటే, ఒకప్పుడు నిజంగానే తొవ్వంతా వాళ్లదే. గుండయ్య వయసులో ఉన్నప్పుడు ఆ వీధి బండ్లు పోయే దారి కాదు, నేతగాళ్ల పనిచోటు. తెల్లవారగానే మగ్గం మీద నిలువుగా సాగే పడుగు నూలును ఈ చివర నుంచి ఆ చివర దాకా బారుగా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టేవాళ్లు. రోజుకో ఇంటి వంతు. రేపు ఎవరి వంతో నేతగాళ్ల సొసైటీ షెడ్డు గోడకున్న నల్లబోర్డు మీద ముందురోజే రాసేవాళ్లు. వీధిలో పడుగు ఉన్నంతసేపు సైకిలు మీద వచ్చినవాడు ఎంతటివాడైనా దిగాల్సిందే, గోడవారగా నడిపించుకుంటూ పోవాల్సిందే. ఒకసారి ఓ పోలీసు జమాదారు దిగనన్నాడు. గుండయ్య తల్లి గంజి కుంచె పట్టుకుని అడ్డం నిలబడితే, టోపీ సర్దుకుని దిగాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు గుండయ్య ఆ జమాదారు నడకను కూడా నడిచి చూపించేవాడు.

తర్వాత పడుగులు వీధిలోకి రావడం మానేశాయి. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మట్టి వీధి సిమెంటు రోడ్డయింది. పోచమ్మ మైదాన్ దగ్గర సిగ్నలు తప్పించుకోవాలనుకున్న ప్రతి బండికీ అది అడ్డదారి అయింది. స్కూలు ఆటోలు, వెనక డబ్బాలు కట్టుకుని తిండి పంచే బైకులు, సందు చూసుకుని దూరే కార్లు, అన్నీ హారన్ మీద చెయ్యి తీయకుండా దూసుకుపోతుంటే, అరుగుల మీద కూర్చునే ముసలివాళ్లు కాళ్లు లోపలికి ముడుచుకోవడం నేర్చుకున్నారు. ఒక ఏడాదిలో రెండు కుక్కలు పోయాయి, పాలుపోసే ఆమె కాలు విరిగింది.

అప్పుడు గుండయ్య సుద్దముక్క పట్టుకున్నాడు. సొసైటీ షెడ్డు గోడ మీద దుమ్ము కొట్టుకుపోయి ఉన్న పాత నల్లబోర్డును తుడిచి, పైన పెద్ద అక్షరాలతో "మన వీధిల స్పీడుగ పోయిన బండ్లు" అని రాసి, కింద నంబర్లు రాయడం మొదలుపెట్టాడు. మొదట అందరూ నవ్వారు. తమ ఇంటి బండి నంబరు కనబడగానే నవ్వు ఆగిపోయింది. తండ్రులు కొడుకులను తిట్టారు. కొడుకులు తలలు వంచుకుని వచ్చారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటే. బండి నడిపినవాళ్లు స్వయంగా వచ్చి, నలుగురి ముందు "తప్పయింది తాతా" అనాలి. అంటే ఆయన తన చేత్తోనే నంబరు తుడుస్తాడు. అనకపోతే ఏడాదైనా అది అక్కడే ఉంటుంది.

షెడ్డు ఎదురుగా జిరాక్స్ దుకాణం నడిపే ఉమాకాంత్ ఒకసారి అడిగాడు. "తాతా, నీ సైకిలుకు నంబరే లేదు గద. నువ్వు తప్పు జేస్తే ఏం రాస్తవ్?"

"నంబరు లేకుంటేంది, నా పేరు లేదా? పేరే రాస్కుంట తీ" అన్నాడు గుండయ్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. తన పేరు ఆ బోర్డు ఎక్కుతుందని ఆయనకు కలలో కూడా అనుమానం లేదు.

అదే వీధిలో ఐదిళ్ల అవతల రాజమల్లు కుటుంబం ఉంటుంది. ఆయన పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. కూతురు ఇందు సుబేదారిలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పనికి పోతుంది. మొదటి ఏడాది జీతం కూడబెట్టుకుని నీలం రంగు స్కూటీ కొనుక్కుంది. ఆ వీధిలో సొంత బండి ఉన్న మొదటి ఆడపిల్ల. చలాకీ పిల్ల, పొద్దున్నే లేటయిందంటే కొంచెం గట్టిగానే పోయేది. గుండయ్య ఒకసారి నంబరు రాశాడు. చివరి అంకెలు 4718. ఆ సాయంత్రమే వచ్చి, నవ్వుతూ చెవులు పట్టుకుని, "తప్పయింది తాతా, ఇగ మెల్లగ పోత" అంది. ఆయన తుడిచేశాడు. ఆ తర్వాత నిజంగానే మెల్లగా పోయేది. ఆయన అరుగు ముందుకు రాగానే హారన్ కొట్టకుండా, ఎడమ చెయ్యి ఎత్తి పలకరించి మరీ పోయేది.

సంక్రాంతి అయిన రెండు వారాలకు, ఒక గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు గుండయ్య రెండు జంపఖానా చుట్టలు ఎప్పటిలాగే అడ్డంగా కట్టుకుని బయల్దేరాడు. వీధి మధ్యలో మురుగు మోరీ మీది మూత ఒకటి పగిలి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి ఆయన సైకిలును కుడివైపుకు తిప్పాడు. వెనక్కి చూడలేదు, చెయ్యి చూపలేదు. నలభై ఏళ్ల నుంచి ఆ వీధిలో ఆయన ఎప్పుడూ చూడలేదు, చూపలేదు. అప్పుడే క్యారియర్ ఒక్కసారి గుంజింది. సైకిలు ఊగింది. పక్కనే దబ్బుమని చప్పుడు. కాలు కింద పెట్టి చూసేసరికి నీలం స్కూటీ పక్కకు పడి ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది. ఇందు రోడ్డు మీద కూర్చుని కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుంటోంది. ఏడవడం కూడా లేదు, ముఖం తెల్లబోయింది.

క్షణంలో జనం పోగయ్యారు. ఉమాకాంత్ దుకాణంలోంచి ఉరికివచ్చాడు. "ఏమైంది తాతా?"

గుండయ్యకు ఆ గుంజుడు వీపు దాకా తెలిసింది. తెలిసింది అని చెప్పుకోవడానికి మనసు ఒప్పుకునేలోపే నోరు తన అలవాటు పని చేసేసింది.

"ఏమైతది? స్పీడు! చెప్పి చెప్పి నోరు పోతాంది, ఇంటరా ఎవలన్న?"

"స్పీడు పోలే తాతా!" అంది ఇందు కిందనుంచే. "మెల్లగనే వస్తాన్న. ఏందో గుంజింది నన్ను."

"రోడ్డు గుంజుతదా బిడ్డా?" అన్నారెవరో. నలుగురు నవ్వారు. విరిగిన చేత్తో రోడ్డు మీద కూర్చున్న పిల్లను చూసి నవ్వారు. గుండయ్య నవ్వలేదు గాని, ఆ నవ్వును ఆపనూ లేదు.

ఆటో తెచ్చి ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. మణికట్టు ఎముక విరిగిందని, ఆరు వారాలు సిమెంటు కట్టు ఉంచాలని కబురొచ్చింది. ఉమాకాంత్ సుద్దముక్క తెచ్చి గుండయ్య చేతిలో పెట్టాడు. అందరూ చూస్తున్నారు. ఆయన రాశాడు. 4718. రాసేటప్పుడు ఏడు వంకరపోయింది.

దుకాణానికి పోయి తాడు విప్పాక గాని ఆయన చూడలేదు. పై చుట్ట కుడి చివర అంచు అరచేతి పొడవున చిరిగి వేలాడుతోంది. చుట్ట పొరలో నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. స్కూటీ అద్దం తాలూకు ముక్క. గుండయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆమెను గుంజింది తన జంపఖానా. తిరిగేటప్పుడు చూసుకోనిది తాను. పైగా నంబరు రాసిందీ తానే.

అప్పుడే వెనక్కి పోయి చెప్పి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. పోయాడు కూడా. వీధి మొదట్లో ఉమాకాంత్ చేయూపి ఆపాడు. "తాతా, మునిసిపాలిటీకి దరఖాస్తు తయారైంది చూడు. ఇందు యాక్సిడెంట్ గుడ రాసిన. ఈసారి స్పీడు బ్రేకరు రాక యాడికి పోతది?" అంటూ కాగితం చేతికిచ్చాడు. నాలుగేళ్ల నుంచి ఆ బ్రేకరు కోసం గుండయ్య తిరగని ఆఫీసు లేదు. కింద మొదటి సంతకానికి ఆయన పేరు రాసి, ఖాళీ ఉంచారు. రేపు చెబుదాంలే అనుకుని సంతకం పెట్టాడు. ఆ రేపు మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు.

చిరిగిన జంపఖానాను తానే ఉంచుకుంటానని దుకాణంలో చెప్పి ఇంటికి తెచ్చాడు. మధ్యాహ్నం గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, సూది పట్టుకుని పోగులు కలపడం మొదలుపెట్టాడు. ఎర్ర పోగు ఎర్రపోగుతో, నీలం పోగు నీలంపోగుతో. అనసూర్య నూలు ఉండలు తెచ్చి పక్కన పెట్టింది.

"ఎట్ల చినిగింది?"

"మేకు తాకింది. దుకాణంల."

ఆయన జేబులోంచి జారిన ప్లాస్టిక్ ముక్క ఆమె కాలికి తగిలింది. వంగి తీసి, వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "మేకు నల్లగున్నది" అని, దాన్ని కిటికీలో ఆయన కళ్లద్దాల పక్కన పెట్టి లోపలికి పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆయన ఆ ముక్కను పారెయ్యలేదు. కళ్లద్దాల కోసం చెయ్యి చాపినప్పుడల్లా అది వేళ్లకు తగిలేది.

సాయంత్రానికి చిరుగు మాయమైంది. గుండయ్య వేలితో తడిమి చూశాడు, కళ్లు మూసుకుని తడిమి చూశాడు. ఎక్కడుందో తనకే దొరకలేదు. జీవితంలో అంత బాగా ఆయన ఎప్పుడూ కలపలేదు. యాభై ఏళ్ల పనితనమంతా ఒక ఆడపిల్లను అబద్ధాలకోరును చెయ్యడానికి పనికొచ్చిందని ఆయనకు అర్థమైంది. సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఆయన చేసిందల్లా జంపఖానాను చుట్టి అటక మీద పెట్టడమే.

రోజులు పోతున్నాయి. ఇందు చేతికి సిమెంటు కట్టుతో ఇంట్లోనే ఉంది. ల్యాబ్‌వాళ్లు చెయ్యి బాగయ్యాక రమ్మన్నారు గాని, రాజమల్లు ఇంక బండి ముట్టుకోవద్దన్నాడు. బండి లేకపోతే పొద్దున ఆరింటికి మొదలయ్యే డ్యూటీకి సుబేదారి పోవడం కుదరదు. అంటే పనికీ ముగింపే. "నేను స్పీడు పోలే నాయినా" అని ఆ పిల్ల మొదటి వారమంతా అరిచింది. రెండో వారం మామూలుగా చెప్పింది. మూడో వారం చెప్పడం మానేసింది. ఇవన్నీ అనసూర్య రాజమల్లు ఇంటికి కూర గిన్నె పట్టుకుని పోయి వచ్చినప్పుడల్లా, కడిగిన గిన్నె బోర్లిస్తూ, ఎవరికో చెబుతున్నట్టు చెప్పేది. గుండయ్య అన్నం కలుపుతూ వినేవాడు. షెడ్డు ముందునుంచి పోవాల్సి వస్తే సైకిలు దిగి, బోర్డు వైపు చూడకుండా నడిచేవాడు. కొత్త నంబర్లు రాయడం మానేశాడు. "తాతకు సుస్తయిందా?" అని జనం అడిగారు.

దరఖాస్తు మాత్రం పనిచేసింది. నెల తిరక్కుండానే మనుషులు వచ్చి, షెడ్డుకు కాస్త ఇవతల స్పీడు బ్రేకరు వేసి, తెల్ల చారలు గీసి పోయారు. మరుసటి శనివారం పొద్దున వీధివాళ్లంతా కలిసి దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడదామనుకున్నారు. కొట్టేది ఎవరు అన్న ప్రశ్నే రాలేదు.

పెద్దవాళ్లు కూర్చోవడానికి కింద ఏదైనా పరచాలన్నాడు ఉమాకాంత్. అనసూర్య ఇంట్లోకి పోయి చుట్ట ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, షెడ్డు ముందు విదిలించి పరిచింది. ఎర్ర చారలు, నీలం చారలు. గుండయ్య ఆ చారలను గుర్తుపట్టాడు. ఆమె ఆయన వైపు చూడనైనా చూడలేదు. మూలలు సర్ది, ఆడవాళ్లలోకి పోయి నిలబడింది.

కొబ్బరికాయ చేతికిచ్చే ముందు రాజమల్లు ముందుకొచ్చాడు. వెనక ఇందు, చెయ్యి మెడకు వేలాడేసుకుని.

"పెద్దయ్యా, మంచి దినం. పిల్ల నంబరు నెల దాటిపాయె బోర్డు మీద. ఓ మాట అనిపిస్త, తుడిచెయ్యి" అన్నాడు.

ఇందు వచ్చి జంపఖానా అంచు మీద కూర్చుంది. సరిగ్గా చిరుగు కలిపిన ఆ మూలకే. ఎడమచేతి వేళ్లు చారల మీద ఊరికే ఆడుతున్నాయి. గుండయ్య ఆ వేళ్లనే చూస్తున్నాడు.

"తప్పయింది తాతా" అంది.

ఈసారి నవ్వలేదు, చెవులు పట్టుకోలేదు. తలెత్తి చూసింది. "మొదట్ల గుంజిందనే అనుకున్న. అందరు అంటాంటే నాకే సమజైతలేదు. నేనే స్పీడు వచ్చిననేమో. నువ్వు శాన సార్లు చెప్పినవ్, నేనే ఇనలే."

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ అందుకున్నారు. గుండయ్య నోరు తెరిచాడు. ఎదురుగా ఇంతమంది, పసుపు రాసిన బ్రేకరు, మెడలో ఎవరో అప్పుడే వేసిన బంతిపూల దండ. నోరు మూశాడు. భుజం మీది తువ్వాల తీసి, బోర్డు దగ్గరికి పోయి, నంబరు తుడిచాడు. తర్వాత కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క దెబ్బకే పగిలింది. అందరూ శుభం అన్నారు.

ఇంటికొచ్చి దండ తీసి మూలన పడేశాడు. "గదే తెచ్చి పరవాల్నా?" అన్నాడు అనసూర్యతో, ఎదురుగా చూడలేక గోడతో అన్నట్టు.

"ఇంకేదన్న ఉన్నదా ఇంట్ల?" అంది ఆమె. కంచం కడిగి తెస్తూ, "రేపు రఘునాథపల్లి నుంచి ఎవలో వస్తాన్లట, బండి కొనుక్కపోను. ఇందు తల్లి రమ చెప్పింది. పిల్ల రాత్రంత ఏడ్సిందట" అంది. కంచం పెట్టింది. ఆయన ముద్ద ముట్టలేదు. తినమని ఆమె అనలేదు. యాభై ఏళ్ల కాపురంలో ఆమె తినమని అనకపోవడం అదే మొదలు.

ఆదివారం పొద్దున గుండయ్య జంపఖానాను మడిచాడు. నాలుగు మడతలు, అడ్డంగా గీతలు పడేటట్టు. భుజాన వేసుకున్నాడు. కిటికీలోని నల్లముక్క జేబులో వేసుకున్నాడు. సైకిలు తియ్యలేదు. ఐదిళ్లే అయినా ఆ దూరం నడవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. వెనక అడుగుల చప్పుడు వినపడితే చూశాడు. అనసూర్య చెంగు కప్పుకుని వస్తోంది.

రాజమల్లు ఇంటి ముందు నీలం స్కూటీ తుడిచి పెట్టి ఉంది. రఘునాథపల్లి మనిషి ఒంగి టైర్లు నొక్కి చూస్తున్నాడు. ఇందు గుమ్మంలో కూర్చుని తన బండిని కాదు, ఆ మనిషి చేతులను చూస్తోంది.

"రా పెద్దయ్యా, కూసో" అన్నాడు రాజమల్లు.

గుండయ్య కూర్చోలేదు. జంపఖానాను గుమ్మం ముందు పరిచి, ఇందు తల్లి రమను కత్తెర అడిగాడు. ఎందుకని ఆమె అడగబోయి, ఆయన ముఖం చూసి తెచ్చి ఇచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, అంచు తడిమాడు. దొరకలేదు. మళ్లీ తడిమాడు. అనసూర్య వంగి చోటు చూపించింది. కత్తెర మొనతో ఒక్కొక్క పోగు తెంపి లాగుతుంటే, అందరూ ఆయనకు మతి పోయిందనుకుని చూస్తున్నారు. అరచేతి పొడవున చిరుగు నోరు తెరిచింది. లేచి, స్కూటీ దగ్గరికి పోయి, జేబులోని ముక్కను ఎడమవైపు అద్దం పగిలిన మూలకు పెట్టాడు. అతికినట్టు కూర్చుంది.

"నా సైకిలుకు కట్టిన జంపఖానా ఇది. అడ్డంగ కట్టిన. మోరీ మూత కాడ ఎనుకకు సూడకుంట తిప్పిన. పిల్లను గుంజింది గిదే" అన్నాడు. "ఆ దినమే తెలిసింది నాకు. తెలిసీ చెప్పలే. చినిగింది గిట్ల కనపడకుంట జేసిన. తప్పయింది."

రాజమల్లు కళ్లు ఎర్రబడ్డాయి.

"నెల దాటింది పెద్దయ్యా. నెల సంది నా బిడ్డను నేను నోటికొచ్చినట్టు తిట్టిన. నీ మాట మీద తిట్టిన. నువ్వు చెప్పినవంటే అబద్ధమెట్లయితదని తిట్టిన."

గుండయ్యకు ఆయన కొట్టినా బాగుండుననిపించింది. రాజమల్లు కొట్టలేదు. పెద్దయ్యా అనడం కూడా మానలేదు.

ఇందు మాత్రం గుండయ్య వైపు చూడనే లేదు. తల్లి వైపు తిరిగింది. "చెప్పిన్నా అమ్మా? ఏందో గుంజిందని చెప్పిన్నా లేదా?" అంది. అంటుండగానే ఏడుపు వచ్చేసింది. నెలంతా ఆపుకున్నదంతా వచ్చేసింది. రమ ఆమె తల పొట్టకు అదుముకుని, "చెప్పినవ్ బిడ్డా, చెప్పినవ్" అంటూ తానూ ఏడ్చింది.

రఘునాథపల్లి మనిషి గొంతు సవరించుకున్నాడు. "మరి బండి..."

"అమ్ముతలేం" అన్నాడు రాజమల్లు.

గుండయ్య జంపఖానా తీసుకుని మెల్లగా వెనక్కి తిరిగాడు. తల మీది బరువు దించుకున్నట్టుగా కాకపోయినా, చెయ్యాల్సింది చేశానని అనుకున్నాడు.

"యాడికి తాతా?" అంది ఇందు. ఏడుపు ఆగింది. ముఖం తుడుచుకుంది. "నిన్న నాతోని తప్పయిందనిపిచ్చినవ్. ఇంట్ల కాదు, వాడకట్టంత సూస్తాంటె."

ఆయనకు అర్థమైంది. ఇక్కడ నలుగురి మధ్య చెప్పి, అక్కడ బోర్డు ముందు స్పీడు గుండయ్యగానే మిగిలిపోదామని తన లోపల ఎక్కడో ఆశ ఉన్నట్టు ఆ పిల్ల కనిపెట్టేసింది. ఆ ఆశ ఉన్నందుకు మళ్లీ సిగ్గేసింది. "పద బిడ్డా" అన్నాడు.

ఆదివారం కాబట్టి అరుగులన్నీ నిండి ఉన్నాయి. ముందు గుండయ్య, వెనక ఇందు, ఆ వెనక అనసూర్య, రాజమల్లు, రమ నడిచి వస్తుంటే జనం లేచి వెంట వచ్చారు. బ్రేకరు మీద నిన్నటి పసుపు ఇంకా ఉంది. ఒక కారు వచ్చి దాని దగ్గర నెమ్మదించి, ఎక్కి దిగి పోయింది. గుండయ్య దాన్ని చూశాడు. నాలుగేళ్లు కోరుకున్న దృశ్యం అది. చూసి సంతోషపడే మొహం లేకపోయింది.

ఉమాకాంత్ దుకాణం తలుపు సగం తీసి, "ఏంది తాతా, మళ్ల ఎవలు దొరికిన్లు?" అని నవ్వుతూ సుద్దముక్క అందించాడు.

గుండయ్య బోర్డు దగ్గరికి పోయాడు. తువ్వాలతో తుడిచిన నంబరు పూర్తిగా పోలేదు. అన్ని రోజులు ఎండకు మంచుకు పట్టేసిన సుద్ద కావడంతో, చూడాలనుకున్నవాళ్లకు 4718 ఇంకా కనపడుతూనే ఉంది. వంకరపోయిన ఏడు మరీ బాగా కనపడుతోంది. దాని మీదనే రాశాడు. ఒక్కొక్క అక్షరం పెద్దగా, దూరం నుంచి చదవడానికి వీలుగా. సైకిలు. గుండయ్య. తర్వాత జనం వైపు తిరిగి, జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. చిరుగు కలిపిన సంగతీ దాచలేదు. ఆ రోజు రోడ్డు గుంజుతదా అని నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. ఉమాకాంత్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

చెప్పడం అయిపోయాక గుండయ్య ఇందు ముందు నిలబడ్డాడు. ఆమె వయసు ఆయన వయసులో మూడోవంతు లేదు. "తప్పయింది బిడ్డా" అన్నాడు.

ఆ వీధి పద్ధతి ప్రకారం ఇప్పుడు తుడవాలి. తుడిచేది ఎవరో ఎవరికీ తెలియలేదు. గుండయ్య తువ్వాల తీసి ఇందు ఎడమచేతికి ఇచ్చాడు. ఆమె అందుకుంది. బోర్డు వైపు చూసింది. ఆ పేరు కింద మసకగా కనపడుతున్న తన నంబరు వైపు చూసింది. తువ్వాలను మడిచి మళ్లీ ఆయన భుజం మీదే వేసింది.

"ఉండనీ తాతా" అంది.

"ఎన్ని దినాలు బిడ్డా?"

"నాది ఎన్ని దినాలున్నదో గన్ని దినాలు."

ముప్పై ఎనిమిది రోజులు. ఆయనకు లెక్క తెలుసు, ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. తలూపి, జంపఖానా భుజాన వేసుకుని, బోర్డు ముందునుంచే ఇంటికి నడిచాడు.